ఏడో వరుసకు నీళ్ళు

ఫిబ్రవరి 11

అత్తకు,

క్షేమంగా చేరాను. బస్సులో నా పక్కన కూర్చున్నావిడ దారంతా నా భుజం మీదే నిద్రపోయింది. నువ్విచ్చిన చిన్న పార సంచిలోంచి మోకాలికి గుచ్చుకున్నాక గానీ లేవలేదు.

నువ్వు బస్సెక్కించడానికి రాలేదు. నర్సరీలో పని ఉందన్నావు. ఆ పనేమిటో నాకు తెలుసు, నీ కోపానికి నీళ్ళు పోసుకోవడం. శ్మశానంలో ఉద్యోగమేమిటే అని మూడు వారాలు మొహం చాటేశావు. అందుకే ముందు ఈ చోటు ఎలా ఉంటుందో చెప్తాను, ఆ తర్వాత తిట్టు.

ఇది యుద్ధంలో పోయిన సైనికుల కోసం వేసిన తోట. పచ్చిక మీద తెల్లరాళ్ళు, పన్నెండు వరుసలు. రాళ్ళన్నీ ఒకే ఎత్తు, నా నడుము దాకా వస్తాయి. పెద్ద అధికారిదీ అంతే, వాళ్ళకు వంట చేసినవాడిదీ అంతే. రాయి మీద పేరు, వయసు, పోయిన తేదీ, కింద ఇంటివాళ్ళు రాయించిన నాలుగు మాటలు. రాయికీ రాయికీ నడుమ ఒక గులాబీ. రోజులో ఒక్కసారైనా గులాబీ నీడ ప్రతి రాయి మీదా పడాలని మొదట ఈ తోట పటం గీసినవాళ్ళ కోరికట. ఈ సంగతి విన్నాక పొద్దంతా నీడల వెంటే తిరిగాను.

రాళ్ళ ముందు సన్నటి పాదులు. వాటిలో జానెడుకు మించి ఎదగని మొక్కలే వేయాలి. ఎందుకో చెప్పు చూద్దాం. పేరు కనపడాలని ఒకటి. రెండోది నీకు కూడా తట్టదు. నేల బోసిగా ఉంటే వాన పడ్డప్పుడు బురద చింది పేరు మీద పడుతుంది. అంటే ఆ చిన్న మొక్క పేరుకు కాపలా కాస్తోందన్నమాట. ఇలాంటివన్నీ ఒక నోటుబుక్కులో రాసుకుంటున్నాను. అప్పుడే పదకొండు పేజీలయ్యాయి.

మా మేస్త్రీ గారి జేబులో ఎప్పుడూ తాడు ఉండ ఉంటుంది. పచ్చిక అంచు కోయాలన్నా, పాదు తవ్వాలన్నా ముందు తాడు కట్టాల్సిందే. ఆయన మాట కూడా తాడు కట్టి మాట్లాడినట్టే ఉంటుంది, నిటారుగా, పొట్టిగా.

నాకు ఏడో వరుస అప్పగించారు. నలభై రాళ్ళు. ఇరవై తొమ్మిదింటి మీద పేర్లున్నాయి. మిగతా పదకొండు మంది ఎవరో దొరికిననాడే తెలియలేదట. వాళ్ళందరి రాళ్ళ మీదా ఒకటే మాట, 'పేరు తెలియని సైనికుడు' అని. మే ఇరవైన పైవాళ్ళు తనిఖీకి వస్తారు. ఆ రోజు నా వరుస బాగుంటే ఉద్యోగం ఖాయం. లేదంటే శిక్షణ అక్కడితో ఆఖరు, వచ్చి నీ నర్సరీలో నా స్టూలు మీద కూర్చుంటాను. మన ఒప్పందం అదే కదా.

ఇప్పుడు అసలు సంగతి. నా వరుస పాదులు ఖాళీగా ఉన్నాయి. పటం ప్రకారం అక్కడ తెల్ల గడ్డిగులాబీలుండాలి. నీ దగ్గరున్న తెల్లవాటి గురించి చెప్పాను. మేస్త్రీ గారు తాడు చుట్టుకుంటూ కాసేపు ఆలోచించి, "తెప్పించు, చూద్దాం" అన్నారు. పంపుతావా? శ్మశానానికి పంపబుద్ధి కాకపోతే తోటకనుకో.

నీ మేనకోడలు
(ఇంకా కోపంగా ఉంటే, నీ తమ్ముడి కూతురు)

ఫిబ్రవరి 19

కాగితాల పిల్లకు,

తమ్ముడి కూతురివే. ఇంకా కోపంగానే ఉన్నాను.

కొమ్మలు పంపుతున్నాను. రెండు వందలున్నాయి, రాయికి ఐదు చొప్పున సరిపోతాయి. తడి పేపర్లో చుట్టాను. విప్పగానే మట్టిలో పెట్టకు. ఒక పూట నీడలో ఉంచు, తెగిన చోట ఆరాక గుచ్చు. చుట్టిన పేపరు చదువుతూ కూర్చోకు. పాత కాగితం కనిపిస్తే చాలు ఒళ్ళు మరిచిపోతావనే కదా నీకీ పేరు పెట్టింది.

నీళ్ళ సంగతి చెవిన పెట్టుకో. గడ్డిగులాబీ ఒళ్ళంతా నీళ్ళు దాచుకున్న మొక్క, పైనుంచి ఎక్కువ పోస్తే తట్టుకోలేదు. పైపు సన్నగా పెట్టి పది లెక్కపెట్టు, జరుగు. పదకొండు అనకు. పక్కనున్న పెద్ద గులాబీ తాగుబోతు, దానికి మొదట్లో విడిగా పోయి.

ఇక్కడ అడిగినవాళ్ళందరికీ నువ్వొక పార్కులో పనిచేస్తున్నావని చెప్పాను. పూలకుండీల కోసం వచ్చే టీచరమ్మ ఊరుకోక ఏ పార్కు అంది. పెద్దది అన్నాను.

నీడ సంగతి బాగుంది. ఆ గీసినవాళ్ళెవరో తెలివైనవాళ్ళే. అయినా ఒక మాట ముందే చెప్తున్నాను, చూసిపొమ్మని పిలవకు. మీ మామయ్య పోయిన రోజు అలాంటి గేటు ఒకటి దాటాను. మళ్ళీ దాటను.

పార తుప్పు పట్టనివ్వకు.

అత్త

మార్చి 14

అత్తకు,

రెండు వందల్లో నూట తొంభై ఆరు బతికాయి. ఆ నాలుగూ నా చేతిలో విరిగాయి, నీ తప్పు కాదు. ఇప్పుడు పొద్దెక్కేసరికి ఏడో వరుస ఈ చివర నుంచి ఆ చివరకు ముగ్గుపిండితో గీత గీసినట్టుంటుంది. సాయంత్రానికి పూలన్నీ ముడుచుకుంటాయి, గీత చెరిగిపోతుంది. మర్నాడు మళ్ళీ ఎవరో గీస్తారు. మేస్త్రీ గారు వరుస పొడవునా నడిచి వెళ్ళారు, తాడు బయటకు తీయలేదు. ఇక్కడ దీన్నే మెచ్చుకోవడం అంటారని పచ్చిక కోసే మిషను నడిపే ఆయన చెప్పాడు. ఆయన్ని అందరూ మిషనాయన అంటారు, నేనూ అదే అంటున్నాను.

పొద్దున ఆరింటికి నా పని మొదలు. మేస్త్రీ గారు వచ్చేది ఎనిమిదికి. ఆ రెండు గంటలూ పైపు, నేను, నా నలభై మంది. ఒక్కొక్కరి పేరూ పైకి చదువుతాను. తర్వాత ఇంటివాళ్ళు రాయించిన మాటలు. అవి వేరే భాషలో ఉన్నాయి. మన మాటల్లో ఎలా చెబుతారా అని రోజూ కొత్తగా ప్రయత్నిస్తాను. మూడో రాయి కుర్రాడికి పంతొమ్మిదేళ్ళు. వాళ్ళమ్మ ఐదు పంక్తులు రాయించింది. నువ్వు విప్పి పారేసి వెళ్ళిన చొక్కాకు ఊడిన గుండీ కుట్టాను, ఉతికి మడత పెట్టాను, నీ గూట్లోనే ఉంచాను అని. ఆ చివరి మాట దగ్గర 'ఉంచాను' అనాలా 'దాచాను' అనాలా అత్తా? నిన్న ఒకటి అనుకున్నాను, ఇవాళ ఇంకొకటి. ఉంచడం వచ్చేవాళ్ళ కోసం, దాచడం ఇక రానివాళ్ళ కోసం. ఆవిడ ఈ మాటలు రాయించేనాటికి వాడు రాడని తెలుసు. అయినా 'ఉంచాను' అనే అని ఉంటుందనిపిస్తుంది. రేపు మళ్ళీ చూస్తాను.

పదిహేడో రాయి మీద తమ్ముడెవరో 'సైకిలు నాకిస్తానన్నావు, నువ్వొచ్చాకే తీసుకుంటాను' అని రాయించాడు. ఇరవై రెండో రాయి మీద ఒకటే మాట, 'నవ్వేవాడు'. దానికి మాత్రం మన మాట వెంటనే దొరికింది. పేరు తెలియని పదకొండు రాళ్ళ దగ్గర చదవడానికేమీ ఉండదు. తల వంచి ముందుకు జరిగిపోతాను.

నీళ్ళ గురించి బెంగ పడకు. నువ్వు నేర్పిన లెక్కే.

పార్కు అని చెప్పావట. ఆ ముక్క చదివి మనసు చివుక్కుమంది. నలభై మందిని నా చేతిలో పెడితే నువ్వు వాళ్ళను పొరుగువాళ్ళ దగ్గర దాచేశావు.

నీ మేనకోడలు

మార్చి 23

కాగితాల పిల్లకు,

ఎండలకు నీడవలలు కట్టిస్తున్నాం. తీరిక లేదు, నాలుగు ముక్కలే రాస్తున్నాను.

మొక్కలు బతికినందుకు సంతోషం. పార్కు మాట నచ్చకపోతే ఇంకో మాట వెతుక్కుంటాను, మాటల గొడవంతా నీదేగా. ఆ గుండీ సంగతి చదివాక ఆ పూట పని సాగలేదు. చేతిలో పనున్నప్పుడు చదివే ఉత్తరంలో అలాంటివి రాయకు.

నీ స్టూలు ఖాళీగానే ఉంది. దాని మీద ఎవరినీ కూర్చోనివ్వడం లేదు.

అత్త

ఏప్రిల్ 8

అత్తకు,

కోపం తెచ్చుకోకుండా ఆఖరుదాకా చదువు.

నా వరుస చచ్చిపోతోంది. మొదట మూడో రాయి ముందు మొక్కలు పాలిపోయాయి. ఎండ దెబ్బేమో అనుకున్నాను. మర్నాటికి మొదళ్ళు నల్లబడి మెత్తగా అయిపోయాయి, పట్టుకుంటే చేతిలోకి వచ్చేశాయి, కుళ్ళిన వాసన. తర్వాత పదిహేడో రాయి. ఆ తర్వాత వరుస లేదు, లెక్క లేదు, ఇక్కడొకటి, అక్కడొకటి. ఇప్పటికి పద్నాలుగు రాళ్ళ ముందు బోసి నేల. నిన్న చిన్న జల్లు పడింది. పొద్దున వెళ్ళి చూస్తే మూడో రాయి మీద బురద. సరిగ్గా గుండీ అన్న మాట మీద. పాత టూత్‌బ్రష్షుతో అక్షరం అక్షరం కడిగాను.

మేస్త్రీ గారు నీళ్ళు ఎక్కువ పడుతున్నావా అని అడిగారు. లేదండీ, పది లెక్కే, మా అత్త నేర్పింది అన్నాను. ఆయన నమ్మారు. నమ్మి, అయితే ఇది బయటి మొక్కలతో వచ్చిన తెగులే అయి ఉంటుందన్నారు. ఏడో వరుసకు రెండు వైపులా తాడు కట్టించారు. నా చెప్పులు, పార వేరే వరుసలోకి పోకూడదు. నెలాఖరులోగా కారణం తేలకపోతే వరుస పొడవునా మట్టి తవ్వి పారబోస్తారు. అప్పుడు తనిఖీ నాటికి నాకు మిగిలేది కందకం. నా ఉద్యోగం ఆ కందకంలో పోయినట్టే.

అడక్కూడదని నాలుగు రోజులు ఆగాను. ఇప్పుడు అడుగుతున్నాను. నీ మొక్కల్లో ఏదైనా తెగులుందా? పంపే తొందరలో చూసుకోలేదా? స్టూలు ఖాళీగా ఉంచానని రాశావు. నేను వెనక్కి వచ్చేస్తానని నీకు ముందే తెలిసినట్టుంది ఆ మాట.

నీ తమ్ముడి కూతురు

ఏప్రిల్ 15

నా తమ్ముడి కూతురికి,

నీ ఉత్తరం రెండుసార్లు చదివాను. మొదటిసారి తెగులు అన్న చోట ఆగిపోయాను. రెండోసారి స్టూలు దగ్గర.

ఇరవై ఆరేళ్ళుగా మొక్కలు అమ్ముతున్నాను. మందు కొట్టి పచ్చగా చూపించి అంటగట్టినది ఒక్కటీ లేదు. ఆ సంగతి నీకు నేను చెప్పాల్సి వచ్చిందే అని బాధ. అయినా అనుమానమంటూ వచ్చాక చూడకుండా ఊరుకోలేను. నిన్నటి నుంచి గేటుకు తాళం వేశాను. గడ్డిగులాబీ కుండీలు నాలుగు వందలున్నాయి. ఒక్కొక్కటీ బోర్లించి వేళ్ళు చూస్తున్నాను. టీచరమ్మ వచ్చి గేటు అవతల నిలబడి ఏం జరుగుతోందంది. పరీక్షలు అన్నాను. ఆవిడకు ఆ మాట చాలు, వెళ్ళిపోయింది.

సగం అయ్యాయి. ఒక్క వేరు కూడా మెత్తబడలేదు. తెగులు దొరికితే మీ మేస్త్రీకి నేనే రాసి ఒప్పుకుంటాను. దొరక్కపోతే ఆయన నాకు రాయాలి.

స్టూలు గురించి. నువ్వు ఓడిపోయి వస్తావని ఖాళీగా ఉంచలేదు. నువ్వు కూర్చున్న చోట ఇంకొకళ్ళు కూర్చుంటే నాకు చేయి ఆడదు. అంతమాత్రం నాచేత చెప్పించాలా.

అత్త

ఏప్రిల్ 17

అత్తకు,

నా ఉత్తరానికి జవాబు రాలేదు. వచ్చేదాకా ఆగలేక రాస్తున్నాను. ఆ రోజు రాసింది రాయకుండా ఉండాల్సింది. పోస్టుడబ్బాలో చేయి పెట్టి వెనక్కి తీసుకోవడానికి ప్రయత్నించాను కూడా, చేయి పట్టలేదు.

ఇప్పటికి ఇరవై రెండు రాళ్ళ ముందు పోయాయి. అయితే ఒక వింతుంది. పేరు తెలియని పదకొండు రాళ్ళ ముందు ఒక్క మొక్క కూడా పోలేదు. పైగా విరగబూస్తున్నాయి. అవి ఒకచోట లేవు, వరుసంతా అక్కడక్కడా ఉన్నాయి. ఐదో రాయి పేరు లేనిది, దాని ముందు గుప్పెడు పూలు. నాలుగో రాయికి పేరుంది, దాని ముందు మట్టి. రెండిటికీ అదే మట్టి, అదే ఎండ, అదే పైపు. పేరున్నవాళ్ళలో 'నవ్వేవాడు' ఒక్కడు ఇంకా నవ్వుతూనే ఉన్నాడు, మరి కొందరు ఈడుస్తున్నారు.

మిషనాయన తాడు అవతల నిలబడి చాలాసేపు చూశాడు. "వాళ్ళకు పూలు తప్ప ఇంకేం లేవు కదమ్మా, వదిలేసి ఉంటుంది" అన్నాడు. మేస్త్రీ గారు మాత్రం పటం తెచ్చి, పోయిన చోట్లన్నీ గుర్తు పెట్టుకుని వెళ్ళారు. రెండుసార్లు లెక్కపెట్టారు. ఆయన మొహం చూస్తే నాకంటే ఆయనకే భయంగా ఉన్నట్టుంది.

పేర్లు చూసుకుని వచ్చే తెగులు ఉంటుందా అత్తా? ఇన్నేళ్ళలో ఎక్కడైనా చూశావా? కోపం తర్వాత పడుదువుగానీ, ఈ ఒక్కదానికి జవాబు రాయి. నెలాఖరుకు పదమూడు రోజులే ఉంది.

నీ మేనకోడలు అనిపించుకోవాలనుకునే పిల్ల

ఏప్రిల్ 23

కాగితాల పిల్లకు,

నాలుగు వందల కుండీలూ చూశాను. తెగులు లేదు. గేటు తెరిచాను. నడుము మాత్రం ఇంకా తెరుచుకోలేదు, వంగినది వంగినట్టే ఉంది.

నీ పదిహేడో తారీకు ఉత్తరం నిన్న వచ్చింది. చదివి, మట్టి చేతులతోనే నీ స్టూలు మీద కూర్చుని నవ్వాను. పనివాళ్ళు నాకేమైనా అయిందేమోనని మంచినీళ్ళు తెచ్చారు.

పేర్లు చూసుకుని వచ్చే తెగులు ఉంది. నేను ఇదివరకే ఒకసారి చూశాను. అది నువ్వే.

నీకు ఎనిమిదేళ్ళప్పుడు వంగ నారుమడికి నీళ్ళు పట్టమని పైపు చేతికిచ్చి లోపలికెళ్ళాను. వచ్చేసరికి మడి చెరువైంది. నువ్వు గట్టు మీద నిలబడి, నారు చుట్టడానికి తెచ్చిన పేపర్లో ఏదో కథ చదువుతున్నావు. పైపు చేతిలోనే ఉంది. పది లెక్కపెట్టమన్నాను కదే అంటే, "లెక్కపెట్టానత్తా, మధ్యలో కథ వచ్చింది" అన్నావు. నారంతా పోయింది. ఆ రోజు నిన్ను తిట్టానో లేదో గుర్తు లేదు. ఆ కథ మాత్రం అన్నం తినేటప్పుడు మొత్తం చెప్పావు.

ఇప్పుడు నీ మార్చి నెల ఉత్తరం తీసి మళ్ళీ చదివాను. ఐదు పంక్తులున్న రాయి ముందు మొదట పోయాయి. తర్వాత సైకిలు రాయి. ఒక్క మాటే ఉన్న రాయి ముందు పోలేదు. ఏ మాటా లేని రాళ్ళ ముందు అసలు పోలేదు. నువ్వు లెక్కపెట్టడం లేదే పిల్లా. చదువుతున్నావు. ఉంచానా, దాచానా అని నువ్వు తేల్చుకునేదాకా ఆ పిల్లాడి మొక్కలు పైపు కింద మునుగుతున్నాయి.

నా మాట మీద నమ్మకం లేకపోతే ఒక పని చెయ్యి. రేపు నీళ్ళు పట్టేటప్పుడు మీ మిషనాయన చేతికి గడియారమిచ్చి నీ వెనక నడవమను. రోజూ ఎలా చేస్తావో అలాగే చెయ్యి.

నిజమైతే భయపడకు. నీళ్ళతో పోయినది నీళ్ళు మానేస్తే ఆగుతుంది. పోయిన చోట మట్టి తిరగేసి మూడు రోజులు ఎండనివ్వు, గరుకు ఇసుక కలుపు, మొగ్గలున్న కొసలు తెచ్చి గుచ్చు. ఇరవై రోజుల్లో పూస్తాయి. ఇంకో మాట. మీ మేస్త్రీకి నువ్వే చెప్పు, ఆయనంతట ఆయన తెలుసుకునేదాకా ఉండకు.

నువ్వు నా మొక్కల్ని అన్న మాట నేను మర్చిపోయాను. నువ్వు కూడా మర్చిపో.

అత్త

మే 1

అత్తకు,

నీ ఉత్తరం ఇరవై ఏడున అందింది. అందులో నాలుగో పేరా చదివేసరికి నాకు చెవులు వేడెక్కాయి. నిజమని అప్పుడే తెలిసిపోయింది. అయినా చెప్పినట్టే చేశాను.

మర్నాడు ఆరింటికి మిషనాయన గడియారం పట్టుకుని నా వెనక నడిచాడు. కొలుస్తున్నారని తెలిసి కూడా రెండో రాయి దాటేసరికి మరిచిపోయాను. మూడో రాయి దగ్గర నిమిషం నలభై సెకన్లు. ఐదో రాయి, పేరు లేనిది, దాని దగ్గర పన్నెండు. పదిహేడో రాయి దగ్గర యాభై. నవ్వేవాడి దగ్గర పదహారు. ముప్ఫయ్యో రాయి దగ్గర లెక్క లేదు, ఎందుకంటే తిరిగి చూస్తే మిషనాయన కూడా గడియారం వదిలేసి రాయి చదువుతున్నాడు.

ఎనిమిదింటికి మేస్త్రీ గారి గదికి వెళ్ళాను. గోడ పొడవునా పారలు, కత్తెరలు, బల్ల మీద తోట పటం, దాని మీద ఇరవై ఆరు ఎర్ర గుర్తులు. కూర్చోమన్నారు, కూర్చోలేదు. "తెగులు లేదండీ. నేనే ముంచాను" అని చెప్పి, గడియారం లెక్కల కాగితం బల్ల మీద పెట్టాను. పది లెక్కపెడుతున్నానని మీతో అన్నది నిజం కాదు, అబద్ధమని నాకూ తెలియదు అని కూడా చెప్పాను.

ఆయన కాగితం రెండుసార్లు చదివారు. జేబులోంచి తాడు తీసి చుట్టడం మొదలుపెట్టారు.

"ఇక్కడ రాళ్ళన్నీ ఒకే ఎత్తు ఎందుకుంటాయో చేరిన రోజు చెప్పాను. గుర్తుందా?"

"ఎవరూ ఎక్కువ కాదు, ఎవరూ తక్కువ కాదు అన్నారండీ."

"మరి నీళ్ళు?"

నేను పటం మీది ఎర్ర గుర్తులు చూశాను. అప్పుడాయన కుర్చీలో వెనక్కి వాలి, "హమ్మయ్య" అన్నారు. అంత పెద్ద హమ్మయ్య నేనెప్పుడూ వినలేదు అత్తా. తెగులైతే పక్క వరుసలకు పాకి పన్నెండు వరుసలూ తవ్వాల్సి వచ్చేదట. మూడు వారాలుగా ఆయనకు తిండి సయించలేదట. వెంటనే లేచి, బయటికొచ్చి, ఏడో వరుస తాడు తనే విప్పారు.

కొసల కోసం నీకు రాస్తానన్నాను. పోస్టుకే వారం పోతుంది, అక్కర్లేదన్నారు. ఐదో రాయి ముందు మోకాళ్ళ మీద కూర్చుని, మొగ్గలున్న కొసలు చూసి చూసి తుంచి నా చేతిలో పెట్టారు. అలా పదకొండు రాళ్ళ దగ్గరా తలా పన్నెండు తీసుకున్నాం. ఒక పూట నీడలో ఆరబెట్టాం. మట్టి తిరగేసి, ఎండనిచ్చి, ఇసుక కలిపి ఇవాళ గుచ్చాం. నూట ముప్ఫై కొసలు. మూడో రాయి కుర్రాడి ముందున్నవి ఇప్పుడు ఐదో రాయి ఆయన ఇచ్చినవి. ఇచ్చినాయన పేరు మాకెవరికీ తెలియదు.

ఇకమీద నాకు రెండు నడకలు. మొదటిది పైపుతో, పది లెక్కపెడుతూ, పైకి వినపడేలా. రెండోది ఖాళీ చేతులతో, చదవడానికి. ఈ రెండో నడకలో పేరు లేనివాళ్ళ దగ్గర కూడా ఆగుతున్నాను. చదవడానికేమీ లేకపోయినా, పది లెక్కపెట్టేంతసేపు.

నీకు ఉత్తరం రాస్తానని మేస్త్రీ గారు చిరునామా తీసుకున్నారు. నీ మొక్కల్ని అనుమానించినందుకు నేను ఎన్నిసార్లు రాసినా చాలదు. నువ్వు మర్చిపొమ్మన్నావు కాబట్టి ఒక్కసారే రాస్తున్నాను. తప్పైంది అత్తా.

నీ మేనకోడలు

మే 21

అత్తకు,

ఖాయమైంది.

ఆ మాట రాసి కాసేపు దాన్నే చూస్తూ కూర్చున్నాను. ఇప్పుడు మిగతాది చెప్తాను. నిన్న పదింటికి తనిఖీకి ఒక పెద్దావిడ వచ్చారు. చేతులు వెనక్కి కట్టుకుని వరుసలన్నీ నడిచారు. ఏడో వరుసలో ముప్పై ఒకటో రాయి ముందు తప్ప అన్నిచోట్లా పూలు విచ్చుకున్నాయి. కొన్ని పాదులు లేతగా ఎందుకున్నాయని అడిగారు. ఉన్నదున్నట్టు చెప్పాను, మూడో రాయి చూపించి. ఆవిడ వంగి ఐదు పంక్తులూ చదివారు. చాలాసేపు పట్టింది. చేతిలో పైపు లేదు కాబట్టి ఏ నష్టమూ జరగలేదు. లేచి, "ఎవరిదీ వరుస?" అన్నారు. మేస్త్రీ గారు, "ఈ అమ్మాయిదండీ" అన్నారు. కాగితాలు తర్వాత వస్తాయట, నాకు ఆ మాట చాలు.

నీ దగ్గరికి ఇప్పుడప్పుడే రాలేను. ఆ స్టూలు మాత్రం తీసేయకు. ఉంచు. దాచకు, ఉంచు.

నీ మేనకోడలు

మే 29

నా కోడలు పిల్లకు,

ఈసారి తమ్ముడి కూతురివి కాదు.

నీ ఉత్తరం, మీ మేస్త్రీ ఉత్తరం ఒకే రోజు వచ్చాయి. ఆయనది మూడు పంక్తులు. మీ మొక్కలు మంచివి, మీ లెక్క మంచిది, అమ్మాయిని మాకు పంపినందుకు కృతజ్ఞులం అని. అక్షరాలు తాడు కట్టి నాటినట్టున్నాయి. కొట్టు గోడకు అతికించాను.

టీచరమ్మ అది చదివి ఇదేమిటంది. పార్కు కాదు, యుద్ధంలో పోయినవాళ్ళ సమాధుల తోట, మా కోడలు ఏడో వరుస చూస్తుంది అని చెప్పాను. తర్వాత నీ గుండీ సంగతి, సైకిలు సంగతి ఒకదాని తర్వాత ఒకటి చెప్పాను. ఆవిడ కుండీలు కొనకుండానే వెళ్ళిపోయింది. సాయంత్రం మళ్ళీ వచ్చింది, నవ్వేవాడి సంగతి ఇంకోసారి చెప్పమని.

మీ మామయ్య ఉన్నచోట ఒక్క మొక్క లేదు. ఇన్నేళ్ళు నర్సరీ నడిపి అక్కడ ఒక్కటి నాటలేదు, గేటు దాటాలి కదా. నీ ఉత్తరాలు చదివినప్పటి నుంచి ఆ రాయి మీద ఎంత బురద చిందిందో అన్న ఆలోచన వదలడం లేదు. వెళ్తాను. అయితే ముందు మీ గేటు దాటడం నేర్చుకుని, ఆ తర్వాత అది.

వచ్చే శనివారం సాయంత్రం బస్సుకు వస్తున్నాను. మర్నాడు పొద్దున ఆరింటికి గేటు దగ్గర నిలబడు. నేను ఆగిపోతే చేయి పట్టుకుని లోపలికి లాగు, మొహమాటపడకు.

ఆ పూట నీకు రెండు నడకలు అక్కర్లేదు. పైపు నాకివ్వు. పది లెక్కపెట్టి నేను ముందు జరుగుతూ ఉంటాను. వెనకాల నువ్వు చదువు, నాకు వినపడేలా. తొందరేం లేదు.

నీ మేనత్త